ఉక్రెయిన్ ఎక్కడుందో చూపించండి: అమెరికన్లకు, యూరప్ వాళ్లకు ప్రపంచం ఎంత తెలుసు?

వాట్సాప్‌లో ఏడాదికి రెండు మూడుసార్లయినా తిరిగే వీడియో ఒకటుంది. అమెరికాలో ఏదో వీధి. ఒకాయన మైకు పట్టుకుని, పేర్లు లేని ప్రపంచ పటం చూపించి, "ఇందులో ఏదైనా ఒక్క దేశం పేరు చెప్పండి" అంటాడు. ఒకరు ఆఫ్రికా ఖండం మొత్తాన్ని ఒకే దేశం చేసేస్తారు. ఇంకొకరు నవ్వేసి వెళ్లిపోతారు. మనం పడీపడీ నవ్వుకుని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేస్తాం. అక్కడ ఎంఎస్ చదివే మన పిల్లలెవరో "నన్నయితే హిందూ భాష మాట్లాడతావా అని అడిగారు" అని కింద ఒక మాట కలుపుతారు.

ఆ వీడియోల కోసం ఎంతమందిని ఆపారో, సరిగ్గా చెప్పినవాళ్లలో ఎంతమందిని కత్తిరించి పారేశారో మనకు తెలీదు. అవి నవ్వించడానికి తీసినవి. వాటిని పక్కన పెట్టి, పద్ధతిగా చేసిన సర్వేలు చూస్తే కథ కొంచెం వేరేగా ఉంటుంది. ఒక రకం పరీక్షలో యూరప్ వాళ్లు అమెరికన్ల కంటే చాలా ముందుంటారు. ఇంకో రకం పరీక్షలో ఇద్దరూ కలిసే బోల్తా పడతారు. మధ్యలో ఒకచోట మన వంతు కూడా వస్తుంది.

తెలుసు అంటే ఏం తెలుసు?

"ప్రపంచం గురించి తెలుసు" అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం.

బంగ్లాదేశ్‌నే తీసుకోండి. అది పటంలో ఎక్కడుందో, రాజధాని ఏదో చెప్పగలగడం ఒక రకం. బళ్లో నేర్పేది, క్విజ్‌లో అడిగేది ఇదే. అక్కడ ఇప్పుడు ఒక్కో స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు అన్నది రెండో రకం. 1970ల మొదట్లో ఆ సంఖ్య ఏడుకు దగ్గరగా ఉండేది, ఇప్పుడు రెండు దగ్గరకొచ్చింది. ఢాకాను వేలు పెట్టి చూపించగలిగిన మనిషి కూడా ఈ ప్రశ్నకు "ఐదుగురేమో" అనొచ్చు. ఎందుకంటే ఆయన తలలో ఉన్నది యాభై ఏళ్ల కిందటి బంగ్లాదేశ్. ఇక మూడోది: ఆ దేశం ఎలా పుట్టింది, 1947లో ఏమైంది, 1971లో ఏమైంది, అక్కడివాళ్లకు ఇండియా ఎలా కనిపిస్తుంది అనేది. ఇది ఏ సర్వేకీ సరిగ్గా అందదు. కానీ పెద్ద పెద్ద తప్పులు జరిగేది చాలాసార్లు ఈ మూడో దాని దగ్గరే.

పటం పరీక్షలో మార్కులు యూరప్‌కే

మొదటి రకానికి బాగా పేరున్న సర్వే 2002లో నేషనల్ జియోగ్రఫిక్ చేయించింది. తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల కుర్రవాళ్లను 56 ప్రశ్నలు అడిగారు. స్వీడన్‌కు సగటున 40 మార్కులు. జర్మనీ, ఇటలీలకు 38. అమెరికాకు 23. దానికంటే కింద ఉన్నది మెక్సికో ఒక్కటే, 21తో. ప్రతి వందమంది అమెరికన్ కుర్రవాళ్లలో 11 మంది పటంలో సొంత దేశాన్నే గుర్తుపట్టలేదు. ఇరాక్‌ను గుర్తుపట్టలేనివాళ్లు 87 మంది.

ఆ తర్వాతి సంవత్సరమే అమెరికా ఇరాక్‌తో యుద్ధానికి దిగింది. టీవీల్లో రోజూ ఇరాక్ పేరే. మూడేళ్లు గడిచాక, 2006లో, అదే సంస్థ అమెరికా కుర్రవాళ్లను మళ్లీ అడిగింది. అప్పటికీ 63 శాతం మంది ఇరాక్‌ను చూపించలేకపోయారు. ఇండియాలో ముస్లింలే ఎక్కువమంది అనుకున్నవాళ్లు దాదాపు సగం. ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. కత్రినా తుఫాను లూయీజియానాను ముంచేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మూడో వంతు మంది ఆ లూయీజియానాను కూడా చూపించలేకపోయారు. అంటే ఇది విదేశాల మీద చిన్నచూపు మాత్రమే కాదు, పటం చూసే అలవాటే లేకపోవడం.

ఎందుకిలా? బడి ఒక కారణం. అమెరికాలో చాలాచోట్ల భూగోళం విడిగా ఒక సబ్జెక్టు కాదు, మన సోషల్ లాంటి దాంట్లో ఒక భాగం. 2018లో జాతీయ స్థాయి పరీక్ష పెడితే ఎనిమిదో తరగతి పిల్లల్లో నలుగురికి ఒక్కరే భూగోళంలో తగినంత స్థాయికి చేరారు.

దూరాలు రెండో కారణం, బహుశా అసలు కారణం. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలస్‌కు దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. అంత దూరం ఒకే భాష, ఒకే డాలరు, పాస్‌పోర్టుతో పనే లేదు. అదే బ్రస్సెల్స్‌లో కారెక్కి రెండు మూడు గంటలు ఎటు వెళ్లినా ఇంకో దేశం, చాలాచోట్ల ఇంకో భాష. 1990 ప్రాంతంలో పాస్‌పోర్టు ఉన్న అమెరికన్లు వందకు ఐదుగురు. ఇప్పుడు దాదాపు సగం మందికి ఉంది గానీ, అందులో కొంత పుణ్యం 2007లో వచ్చిన నిబంధనది. అప్పటిదాకా పాస్‌పోర్టు లేకుండా పక్కనున్న కెనడాకు, మెక్సికోకు విమానంలో వెళ్లొచ్చేవాళ్లకు కూడా అప్పట్నుంచి అది తప్పనిసరైంది.

మూడోది టీవీ. అమెరికా, బ్రిటన్, డెన్మార్క్, ఫిన్లండ్ దేశాలను పోల్చి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. వాతావరణ మార్పు మీద దేశాలు కుదుర్చుకున్న క్యోటో ఒప్పందం దేని గురించో చెప్పండి అంటే అమెరికన్లలో పదికి నలుగురు కూడా చెప్పలేకపోయారు. మిగతా మూడు దేశాల్లో సగం కంటే చాలా ఎక్కువమంది చెప్పారు. ఆ పరిశోధకుల వివరణ ఏమిటంటే, ఉత్తర యూరప్‌లో ప్రజల డబ్బుతో నడిచే చానళ్లు జనం టీవీ ముందు కూర్చునే సాయంత్రం వేళల్లోనే వార్తలు వేస్తాయి. కావాలని వెతుక్కోకపోయినా నాలుగు ముక్కలు చెవిన పడతాయి. అమెరికాలో వార్తలు కావాలనుకున్నవాడికే వార్తలు. అందుకే అక్కడ బాగా చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ మధ్య తేడా కూడా ఎక్కువగా కనిపించింది.

అమెరికన్లు చెప్పుకునే సమాధానం ఒకటుంది: "మా ఒక్కో రాష్ట్రం మీ ఒక్కో దేశమంత. స్వీడన్ కుర్రాణ్ని నెబ్రాస్కా ఎక్కడుందో చూపించమనండి." ఇందులో న్యాయం ఉంది. యూరప్ వాళ్లకు వచ్చిన మార్కుల్లో కొన్ని ఇరుగుపొరుగు తెలిసినందుకు వచ్చినవే. కానీ నెబ్రాస్కా విడిగా ఎవరి మీదకీ సైన్యాన్ని పంపదు. కాబట్టి నాకు ఈ వాదన సగం వరకే నచ్చుతుంది.

చింపాంజీల చేతిలో ఓటమి

రెండో రకం పరీక్షను లోకానికి పరిచయం చేసినాయన స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్. కుర్రతనంలో బెంగళూరుకొచ్చి ప్రజారోగ్యం చదువుకున్నాడు. ఆయన, ఆయన కుటుంబం కలిసి పెట్టిన గ్యాప్‌మైండర్ సంస్థ 2017లో 14 దేశాల్లో, ఎక్కువగా సంపన్న దేశాల్లోనే, 12,000 మందిని కొన్ని ప్రశ్నలు అడిగింది. ఒకటి ఇది:

గత 20 ఏళ్లలో ప్రపంచంలో కటిక పేదరికంలో ఉన్నవాళ్ల శాతం ఏమైంది? దాదాపు రెట్టింపైందా, అంతే ఉందా, దాదాపు సగానికి తగ్గిందా?

సగానికి తగ్గింది అన్నది సరైన జవాబు. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఉన్నవి మూడు జవాబులు. ఏమీ తెలియని వందమంది కళ్లు మూసుకుని ఏదో ఒకటి ఎంచుకుంటే 33 మందిది సరైపోవాలి. మూడు అరటిపళ్ల మీద మూడు జవాబులు రాసి చింపాంజీ ముందు పెట్టినా అంతే వస్తుంది. ఈ పోలిక రోస్లింగ్‌దే. మరి మనుషులకు వచ్చింది? వందకు ఏడు. అమెరికన్లకు 5, జర్మన్లకు 6. పటం పరీక్షలో ఫస్టొచ్చిన స్వీడన్ ఇక్కడ కూడా మెరుగే, 25. కానీ అది కూడా చింపాంజీ కంటే తక్కువే.

ఈ అంకెలో అసలు విషయం ఏడు కాదు, ఏడుకూ ముప్ఫై మూడుకూ మధ్య ఉన్న తేడా. ఏమీ తెలియకపోతే 33 రావాలి. ఏడే వచ్చిందంటే, వాళ్లకు "ఏదో తెలుసు", ఆ తెలిసింది తప్పు. వాళ్ల తలల్లో ఖాళీ జాగా లేదు. అక్కడ ఒక బొమ్మ ముందే ఉంది: ఎముకల గూడులాంటి పిల్లలు, ఎండిపోయిన నేల, చందా కోసం చాచిన డబ్బా. టీకాల ప్రశ్నలోనూ ఇదే జరిగింది. ప్రపంచంలో ఏడాది వయసు పిల్లల్లో ఎంతమందికి ఏదో ఒక జబ్బుకైనా టీకా పడుతోంది, 20 శాతమా, 50 శాతమా, 80 శాతమా? జవాబు 80. సరిగ్గా చెప్పినవాళ్లు 13 శాతం.

ఇక్కడ మరో పక్షం వాదన కూడా వినాలి. కటిక పేదరికానికి ప్రపంచ బ్యాంకు గీసిన గీత ఆ రోజుల్లో రోజుకు 1.90 డాలర్లు. అంత కింద గీసిన గీత దాటినంత మాత్రాన ఎవరూ గట్టెక్కినట్టు కాదని, ఇంకాస్త పైన గీస్తే తగ్గుదల ఇంత గొప్పగా కనిపించదని విమర్శకులు అంటారు. పేదరికం మీద ఐక్యరాజ్యసమితి నివేదకుడిగా పనిచేసిన ఫిలిప్ ఆల్‌స్టన్ 2020లో ఈ గీత మీదే గట్టిగా విరుచుకుపడ్డారు. 2025లో ప్రపంచ బ్యాంకు ఆ గీతను 3 డాలర్లకు పెంచింది. వీళ్ల లెక్కన, "సగమైందా లేదా" అని అడిగి తప్పు చెప్పినవాళ్లను అజ్ఞానులనడం కొంచెం తొందరపాటే. టీకాల ప్రశ్నకు మాత్రం ఈ అభ్యంతరం వర్తించదు.

మనం నవ్వే ముందు

ఇప్సోస్ అనే సర్వే సంస్థ ఏటా ఇంకో ఆట ఆడించేది. మీ సొంత దేశం గురించే మీ అంచనా చెప్పండి అని. 2016లో ఫ్రెంచివాళ్లు తమ జనాభాలో ముస్లింలు 31 శాతం ఉంటారన్నారు. నిజానికి ఉన్నది 7.5 శాతం. అమెరికన్లు 17 అన్నారు, ఉన్నది 1 శాతం. అంటే సరిహద్దు అవతల సంగతి వదిలేయండి, పక్కవీధి కూడా తెలీదు.

ఆ ఏడాది 40 దేశాల్లో అందరికంటే ఎక్కువ తప్పులు చేసి మొదటి స్థానంలో నిలిచింది ఎవరో తెలుసా? మనమే. అమెరికా ఐదో స్థానం. అన్నిటికంటే సరిగ్గా చెప్పింది నెదర్లాండ్స్.

దీనికో కారణం ఉంది. మన దగ్గర ఆ సర్వే ఆన్‌లైన్‌లో జరిగింది కాబట్టి జవాబు చెప్పినవాళ్లలో ఎక్కువమంది నగరాల్లో నెట్ వాడేవాళ్లు. అంతకు ముందు ఇలాంటి సర్వేలోనే దేశంలో ఎంతమందికి ఇంటర్నెట్ ఉంటుందని అడిగితే మనవాళ్లు 60 శాతం అన్నారు. అప్పటికి ఉన్నది 19 శాతం. తమ అపార్ట్‌మెంట్‌ను చూసి దేశాన్ని లెక్కగట్టేశారన్నమాట. అయితే ఇదే కారణం చెప్పి అమెరికన్లను వదిలేయం కదా.

నూటికి ఇరవయ్యారు, నూటికి ఒకటి

తప్పుడు అంచనా పరీక్ష పేపర్ మీదే ఉండిపోతే గొడవ లేదు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అనే సంస్థ అమెరికన్లను చాలా ఏళ్లుగా ఒక ప్రశ్న అడుగుతోంది: కేంద్ర బడ్జెట్‌లో విదేశీ సాయానికి ఎంత పోతోంది? సగటు జవాబు ఎప్పుడూ పాతిక శాతం అటూ ఇటూగా వస్తుంది. నిజానికి పోయేది ఒక శాతం దగ్గర. ఇంట్లో నెలకు వంద రూపాయల ఖర్చనుకుంటే, రూపాయి బిళ్లంత దానాన్ని ఇంటద్దెంత దానం అనుకుంటున్నారు.

పాతిక శాతం పోతోందని నమ్మే మనిషి "ఇది తగ్గించండి" అనడంలో తప్పేముంది? ఆయన కోపం సహజమే, లెక్కే తప్పు. విదేశాల్లోని సైనిక స్థావరాలు, యుద్ధాల ఖర్చు కూడా కొందరు "సాయం" కిందే కలిపేసుకుంటారు, అందుకే అంకె పెరుగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏమైనా 2025లో అమెరికా ప్రభుత్వం తన సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసినప్పుడు, దాని దెబ్బ ఆఫ్రికాలో ఎయిడ్స్ మందుల పంపిణీ దాకా తగిలింది.

తెలుగు పుస్తకాలు ఉన్న దేశం

ఇంతవరకూ చెప్పింది మామూలు జనం సంగతి. కానీ ఒక దేశానికి తెలిసినదంతా దాని జనానికి తెలిసినదే కాదు.

మన పెద్దవాళ్లకు పీఎల్ 480 గోధుమలు గుర్తుండే ఉంటాయి. 1950, 60ల్లో తిండిగింజలు చాలక అమెరికా నుంచి తెచ్చుకున్నవి. ఆ గోధుమలకు మనం కట్టిన డబ్బు రూపాయల్లో ఇక్కడే పోగుపడింది. అందులో కొంత పెట్టి, 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు, కావ్యాలు, పత్రికలు ఓడలెక్కి షికాగో, మాడిసన్ చేరాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పారు. సోవియట్ యూనియన్ అందరికంటే ముందు అంతరిక్షంలోకి పంపిన ఉపగ్రహం స్పుత్నిక్‌ను చూసి కంగారుపడి 1958లో చేసిన ఒక చట్టం కింద అమెరికా ప్రభుత్వం ఇతర దేశాల భాషలు నేర్పడానికి డబ్బు పోసింది. ఇప్పటికీ కొన్ని పాత తెలుగు పుస్తకాలు మన ఊరి గ్రంథాలయంలో కంటే అక్కడే తేలిగ్గా దొరుకుతాయి.

అంత తెలిసిన దేశమే వియత్నాంలో ఎలా దెబ్బతింది? అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా 1995లో రాసుకున్న జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు: ఆ ప్రజల చరిత్ర, సంస్కృతి, రాజకీయాల గురించి మాకు ఘోరమైన అజ్ఞానం ఉండేదని. ఇరాక్‌లో మళ్లీ అదే కథ. బాగ్దాద్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో వెయ్యిమంది సిబ్బంది ఉంటే అరబ్బీ వచ్చినవాళ్లు 33 మందేనని, ధారాళంగా మాట్లాడేవాళ్లు ఆరుగురని 2006లో వాళ్ల సొంత అధ్యయన బృందమే రాసింది. తెలిసినవాళ్లు విశ్వవిద్యాలయంలో ఉంటారు, నిర్ణయం తీసుకునేవాళ్లు ఇంకెక్కడో ఉంటారు. మధ్యలో తలుపు ఎంత తెరుచుకుంటుందన్నది సర్వేల్లో కనపడదు.

యూరప్ పటంలో చెరిగిన చోట్లు

యూరప్ వాళ్లు పటం పరీక్ష బాగా రాస్తారు నిజమే. ఆ పటాలు చాలావరకు గీసుకున్నది కూడా వాళ్లే. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో వ్యాపారకేంద్రం పెట్టుకున్నారు. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ చూడొచ్చు.

ఆ సమాధుల్లో ఉన్నవాళ్ల దేశంలో ఈ చరిత్ర ఎలా గుర్తుంది? 2020లో యూగవ్ సంస్థ ప్రచురించిన సర్వేలో డచ్చివాళ్లలో సరిగ్గా సగం మంది తమ పాత సామ్రాజ్యం గర్వించదగ్గదే అన్నారు. బ్రిటన్‌లో 32 శాతం, ఫ్రాన్స్‌లో ఇంకా తక్కువ. సొంత దేశం గురించి అంచనాల్లో అందరికంటే సరిగ్గా చెప్పింది కూడా ఈ డచ్చివాళ్లే అని గుర్తుంచుకోండి. అంకెలు తెలియడం వేరు, అవతలివాళ్ల వైపు నుంచి చరిత్ర తెలియడం వేరు. గర్వపడటం అజ్ఞానమేం కాదు, అది విలువల సంగతి అనే వాదన కూడా ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

"యూరప్" అని ఒక్క మాటలో అనేయడం కూడా తప్పే. రష్యా గురించి పోలండ్, ఎస్టోనియా, లిథువేనియా ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉన్నాయి. పశ్చిమాన ఉన్న పెద్ద దేశాలు అంతగా పట్టించుకోలేదు. వాళ్ల మాట వినాల్సిందని యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ 2022 సెప్టెంబర్‌లో ప్రసంగంలోనే ఒప్పుకున్నారు. అదే ఏడాది జూన్‌లో మన విదేశాంగ మంత్రి జైశంకర్ స్లొవేకియాలో ఒక వేదిక మీద అన్నది ఇక్కడ చాలామందికి నచ్చింది. యూరప్ సమస్యలు ప్రపంచ సమస్యలు, ప్రపంచ సమస్యలు మాత్రం యూరప్‌వి కావు అనుకునే ధోరణి నుంచి యూరప్ బయటపడాలి అన్నారాయన.

తెలియకపోతే ఏమవుతుంది?

ఏమీ కాదనే వాదన ఒకటి, బలమైనదే, ఉంది. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో చెప్పింది క్లుప్తంగా ఇది. నెబ్రాస్కాలో మొక్కజొన్న వేసే రైతు ఉక్రెయిన్ గురించి తెలుసుకోవాలంటే పది సాయంత్రాలు ఖర్చు. దాంతో ఆయన ఓటు మెరుగవుతుంది. కానీ పదిహేను కోట్ల ఓట్లలో అది ఒకటి. పది సాయంత్రాలు పోయి, వచ్చేది దాదాపు సున్నా. కాబట్టి తెలుసుకోకపోవడమే ఆయనకు లాభసాటి. ఆయన సోమరి కాదు, లెక్క తెలిసినవాడు. విదేశాల సంగతి చూసుకోవడానికి వేరే మనుషులున్నారు, తను నమ్మిన పార్టీ చెప్పినట్టు ఓటేస్తే చాలు.

దీనికి ఎదురుగా 2014 నాటి ఒక పరిశోధన ఉంది. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలుపుకున్న రోజుల్లో ముగ్గురు రాజనీతి పరిశోధకులు 2,066 మంది అమెరికన్లకు పటం ఇచ్చి ఉక్రెయిన్ మీద క్లిక్ చేయమన్నారు. ఆరుగురిలో ఒక్కరే సరిగ్గా చూపించారు. వరసలో సరిగ్గా మధ్యన ఉన్న మనిషి తప్పిన దూరం 2,900 కిలోమీటర్లు. కన్యాకుమారి చూపించమంటే శ్రీనగర్ చూపించినట్టు. ఆ తర్వాత తేలిందే ముఖ్యం: ఎంత ఎక్కువ దూరం తప్పితే, అమెరికా సైన్యాన్ని అక్కడికి పంపాలన్న ఉత్సాహం అంత ఎక్కువ. 2017లో ఉత్తర కొరియా గురించి అడిగినప్పుడు కూడా, పటంలో దాన్ని చూపించగలిగిన వాళ్లు యుద్ధం కంటే చర్చల వైపు ఎక్కువ మొగ్గారు. పటం నేర్పితే శాంతికాముకులైపోతారని దీని అర్థం కాదు. పటం తెలిసిన మనిషికి ఇంకా చాలా తెలిసి ఉండొచ్చు, తేడా దానివల్ల కావచ్చు. ఉక్రెయిన్ పరిశోధకులు చదువు, వయసు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పోలేదన్నారు. ఏది కారణమో, ఏది ఫలితమో మాత్రం ఒక్క సర్వే తేల్చలేదు.

సర్వేలకు అందని సంఘటన ఒకటి తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతలో ఇద్దరు తెలుగు ఇంజినీర్లు ఆఫీసు అయ్యాక ఒక బార్‌లో కూర్చున్నారు. ఒకతను వాళ్లతో గొడవకు దిగి, వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన 32 ఏళ్ల ఇంజినీరు చనిపోయాడు, స్నేహితుడు గాయాలతో బయటపడ్డాడు. కాల్చినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయి, అక్కడ ఇంకో బార్‌లో "ఇరానీలను కాల్చాను" అని చెప్పుకున్నాడు.

అదే బార్‌లో మ్యాచ్ చూస్తూ కూర్చున్న మరో అమెరికన్, ముక్కూ మొహం తెలియని ఈ ఇద్దరి కోసం కాల్చినవాణ్ని పట్టుకోవడానికి వెంటపడి తూటా దెబ్బ తిన్నాడు. తర్వాతి నెలలో హ్యూస్టన్‌లోని భారతీయులు అతన్ని పిలిచి సన్మానం చేసి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అతనికి ఇండియా పటంలో ఎక్కడుందో తెలుసా అని ఎవరూ అడగలేదు.